గీత కథ, మా తమ్ముడి ముచ్చట



ఈ రోజు పాఠం వద్దు. ఒక ముచ్చట చెప్పుకుందాం.

గీత పేరు మీలో కొందరు టీవీలో విని ఉంటారు. ఆమెకు వినపడదు, మాట రాదు. చిన్నప్పుడు తప్పిపోయి రైలెక్కింది. పాకిస్తాన్‌లో లాహోర్ స్టేషన్‌లో దొరికింది. కరాచీలో ఈధీ ఫౌండేషన్ వాళ్లు పెంచారు. బిల్కీస్ ఈధీ అనే పెద్దమ్మ మొదట ఫాతిమా అని పేరు పెట్టింది. హిందువుల పిల్ల అని తెలిసినంక గీత అని మార్చింది. 2015 అక్టోబర్ 26న మన దేశానికి తీసుకొచ్చారు.

వచ్చింది సరే, ఇల్లెక్కడ? ఊరి పేరు చెప్పలేదు, రాయలేదు. "మా బిడ్డే" అని చాలామంది వచ్చారు. మన తెలంగాణ నుంచి కూడా వచ్చారు. గీత చేతులతో చెప్పిన గుర్తుల్లో రైల్వే స్టేషన్, నది, గుడి ఉన్నాయి. వాటిని పట్టుకొని మన బాసరలో కూడా వెతికారు. అక్కడ గోదావరి ఉంది, గుడి ఉంది, స్టేషన్ ఉంది. ఆమె ఇల్లు మాత్రం లేదు. చివరికి 2021లో మహారాష్ట్రలోని పర్భణీ దిక్కు తల్లి దొరికింది. తండ్రి అప్పటికే చనిపోయాడు. ఇంట్లో పెట్టిన పేరు రాధ అని అప్పుడు తెలిసింది.

తల్లి ఏడ్చింది. కానీ బిడ్డ చేతులతో చెప్పేది తల్లికి అర్థం కాలేదు.

నాకు మా తమ్ముడు గుర్తొచ్చిండు. వాడికీ వినపడదు. ఆరేండ్లప్పుడు పట్నంలో హాస్టలు బడిల వేసినం. అమ్మ, నాయిన పుణె దిక్కు పనికి పోయిన్రు. నేను గద్వాలలో అమ్మమ్మ దగ్గర పెరిగిన. పదేండ్లు పండుగకే చూసుకున్నం. వాడు తిరిగొచ్చినంక దోస్తులతోని చేతులతో గంటలు గంటలు మాట్లాడేది, నవ్వేది. ఇంట్ల మాత్రం మూలకు కూర్చునేది. మేము "మూగోడా" అని పిలిచేది. వాడికి వినపడనే వినపడదు, ఎవరి కోసం పిలిచినమో!

ఒకనాడు నా గడ్డం మీది మచ్చ చూపించి, వేలితో తన గడ్డం తాకిండు. అది నా పేరట. వాళ్లలో అందరికీ ఇట్ల చేతి పేరు ఉంటదట. వాడి పేరేందని నేను అడిగింది అప్పుడే. అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. సిగ్గయింది.

సైగలంటే తమాషా కాదు. అదొక భాష. 2018లో దానికి 3 వేల మాటల నిఘంటువు కూడా వచ్చింది.

మీ ఇంట్లో వినపడని పిల్ల ఉంటే రేపు తీసుకరండి. పేరు, ఊరు, మండలం, జిల్లా పలక మీద దిద్దిద్దాం. మహబూబ్‌నగర్ అని పాత జిల్లా రాయొద్దు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలైనయి కదా. ఆదివారం మా తమ్ముడు వస్తడు. మీకందరికీ చేతి పేర్లు పెడతడట.