నది చివర నిలిచి ఊటను కొలువవచ్చునా?



వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. సన్నని పాయగా బయలుదేరి, 1920లో నిర్మించిన ఉస్మాన్‌సాగరులో ఆగి, హైదరాబాదు నగరమును దాటి, పొలములను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. వాడపల్లిలో నీటిని కొలిచి, "అనంతగిరిలో ఊరినది ఇంతే" అని ఎవరైన అన్నచో మనము నవ్వుదుము. త్రోవలో పొలములు త్రాగినదెంత? నగరమునుండి వచ్చి చేరినదెంత? మన ప్రేగులలోని సూక్ష్మజీవులు తయారుచేయు పదార్థములను కొలువబోయిన శాస్త్రజ్ఞులకు ఎదురగు చిక్కు కూడ ఇట్టిదే. నేడు మేము చెప్పదలచినది ఆ చిక్కును గూర్చియే.

ఆ కొండలకు పడమటనున్న తాండూరు కందులకు పెట్టినది పేరు. 2022లో వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కందిపప్పు తిన్నపూట కొందరికి కడుపు ఉబ్బరించును. పప్పులోని కొన్ని చక్కెరలను, పీచును మన చిన్నప్రేగు అరిగించుకొనలేదు. అవి పెద్దప్రేగు చేరగా, అచ్చటి సూక్ష్మజీవులు వానిని పులియబెట్టును. అప్పుడు వాయువులతోపాటు ముఖ్యముగా మూడు ఆమ్లములు పుట్టును: ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములు. మొదటిది సిర్కాలోని పులుపు. మూడవది ముక్కిన వెన్నలోని వాసన. పెద్దప్రేగు లోపలి పొరకు అదియే ముఖ్యాహారము.

వీనిని కొలుచుట ఎట్లు? మలపు నమూనాను తీసిన వెంటనే గడ్డకట్టించి, పరిశోధనాలయములలో సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో దాచుదురు. శరీరమును వీడినంతమాత్రమున సూక్ష్మజీవులు పని మానవు గదా! ఎండవేళ కొన్ని గంటలు బస్సులో పయనించిన నమూనా, బయలుదేరినప్పటి నమూనా కాదు. పైగా ఈ ఆమ్లములు ఆవిరియై పోవు స్వభావము గలవి. అందుచే బరువైన ఐసోటోపుతో గుర్తుపెట్టిన అదే ఆమ్లమును, తెలిసిన పరిమాణములో, ముందుగానే కలుపుదురు. అది ఎంత తరిగినదో చూచి, అసలుదాని తరుగును లెక్కగట్టుదురు. పిమ్మట ఆవిరిచేసి సన్నని పొడవైన గొట్టముగుండ పంపగా, ఒక్కొక్క ఆమ్లము ఒక్కొక్క వేళకు వెలువడును.

ఇంత జాగ్రత్తతో తేల్చిన అంకెయు వాడపల్లి అంకెయే. పుట్టిన ఆమ్లములలో నూటికి 90 పాళ్లకు పైగా ప్రేగుగోడ పీల్చుకొనును. నమూనాలో చిక్కునది మిగులు మాత్రమే. అది తక్కువగా కనబడినచో, తక్కువ పుట్టినదని అర్థమా, బాగుగా ఇంకినదని అర్థమా? ఆ ఒక్క అంకె చెప్పజాలదు. రక్తములో వెదకుదమా? బ్యుటిరిక్ ఆమ్లమును చాలవరకు ప్రేగుపొర, కాలేయము దారిలోనే వాడుకొనును. చేతినుండి తీసిన రక్తములో దొరకునది అత్యల్పము. ఎసిటిక్ ఆమ్లమునన్ననో శరీరము తానును తయారుచేయును. నగరపు నీరు నదిలో కలిసినట్లు అదియు ఇందులో కలిసిపోవును.

రుసుము గైకొని ప్రేగుల సూక్ష్మజీవులను పరీక్షించు సంస్థలు నేడు కలవు. చేతికి వచ్చిన కాగితములో ఒక అంకె తగ్గినదని బెదరి మందులు కొనుటకు ముందు, మనము మూడు ప్రశ్నలు వేయవలెను. నమూనా ఎంతసేపటికి చల్లబడినది? కొలిచినది మలములోనా, రక్తములోనా? ఒక్కమారు కొలిచినారా, పలుమార్లా? ఆపైన ఆ కాగితమును వైద్యునికి చూపవలెను. అంకె అబద్ధమాడకపోవచ్చును, కాని అది నదిలో ఏ రేవున తీసిన కొలతయో తెలియనిదే, దాని మాట మనకు బోధపడదు.