నిప్పుచీమలు - శత్రుశేషము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును మిగుల్పరాదని పెద్దల మాట. ఈ మూడును ఒక్క జీవియందే చూపవలెనన్నచో నిప్పుచీమను చూపవలెను. దాని పేరు నిప్పు. పని శత్రువు పని. ఒకసారి నేలలో దిగెనా, అది తీరని అప్పు. ఈ చీమతో ఒక మహారాజ్యము చేసిన యుద్ధమును, ఆ యుద్ధమున కలిగిన నష్టమును, తుదకు అచ్చటి సామాన్య గృహస్థులు నేర్చుకొన్న పాఠమును తెలిసికొనుట గ్రామవాసులకు వినోదము మాత్రమే గాదు, ఉపయోగము కూడ. శివునాజ్ఞ లేక చీమయైనను కుట్టదందురు. కుట్టిన పిమ్మట ఏమి చేయవలెనో మాత్రము మనుష్యుడే తెలిసికొనవలెను.

నిప్పుచీమలలో పెక్కు జాతులు గలవు. వానిలో మిక్కిలి అపఖ్యాతి గాంచినదానికి పుట్టినిల్లు దక్షిణ అమెరికాఖండము. పరానా, పరాగ్వే నదుల పరిసరములందలి పల్లపు భూములు దాని స్వస్థలము. అది 1930 దశకమున ఓడలపై వచ్చి, అమెరికా సంయుక్త రాష్ట్రములలో అలబామాయందలి మొబీలు రేవున దిగెను. ఓడ నిలకడకై అడుగున పోసిన మన్నుతోనో, సరకుతోనో వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. 1942లో ఆ పట్టణమున పదుమూడేండ్ల బాలుడొకడు తన యింటి సమీపమున ఈ చీమల పుట్టను గుర్తించెను. తరువాత చీమల శాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ విల్సన్ ఆ బాలుడే. మొక్కల వేళ్లనంటిన మట్టితోను, పచ్చిక పెళ్లలతోను బండ్లెక్కి ఈ చీమ దక్షిణ రాష్ట్రములందంతటను వ్యాపించెను. 1972లో దానికి పెట్టిన లాటిను పేరు సొలెనాప్సిస్ ఇన్విక్టా. ఇన్విక్టా యనగా జయింపబడనిది. ఆ పేరు ఊరక పెట్టినది కాదని ముందు తెలియగలదు.

ఈ చీమ దవడలతో చర్మమును పట్టుకొని, అదియే ఇరుసుగా తన దేహమును చుట్టు త్రిప్పుచు, తోకనున్న ముల్లుతో పెక్కుమార్లు కుట్టును. తెలియక పుట్టపై కాలు మోపినవానిపై క్షణములో వందలకొలది ఎగబ్రాకును. నిప్పు తగిలినట్లు మంట పుట్టును. ఒక దినములో తెల్లని పొక్కులు లేచును. ఆ పొక్కులను గిల్లరాదు; గిల్లినచో పుండగును. సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేసినచో చాలమందికి అంతటితో తీరును. కాని కొందరి శరీరమునకు ఆ విషము సరిపడదు. ముఖము వాచుట, ఊపిరి ఆడకుండుట, తల తిరుగుట కనబడినచో గడియయైనను జాగుచేయక వైద్యశాలకు కొనిపోవలెను. అట్టి వారికి ప్రాణాపాయము గలదు. అప్పుడే ఈనిన లేగలకును, నేలపై గూడు పెట్టు పక్షుల పిల్లలకును ఈ చీమలు మృత్యువులు. విద్యుత్తు పెట్టెలలో గుంపుగా చేరి యంత్రములను సయితము చెడగొట్టును.

శత్రువును జయింపదలచినవాడు ముందుగా అతని యింటి సంగతి నెరుగవలెను. పెద్ద పుట్టలో రెండు లక్షలకు మించి కూలిచీమలుండును. కొన్నిట ఒకే రాణి, కొన్నిట అనేకమంది రాణులు. రాణి దినమునకు వెయ్యికి పైగా గ్రుడ్లు పెట్టగలదు; ఆరేండ్లైనను బ్రదుకగలదు. వాన వెలిసిన వెచ్చని దినమున రెక్కలుగల ఆడచీమలును, మగచీమలును ఆకసమునకెగసి జతగూడును. పిమ్మట మగవి మరణించును. ఆడది నేలకు దిగి, రెక్కలు రాల్చుకొని, చిన్న గొయ్యి త్రవ్వి, ద్వారము మూసికొని, ఆహారము ముట్టక, తన దేహమందలి రెక్కల కండను, క్రొవ్వును కరగించి తొలి సంతానమును పోషించును. నెల దినములలో కూలిచీమలు పుట్టి సంసారమును చేకొనును. వరద వచ్చెనా, కాళ్లకు కాళ్లు పెనవేసికొని, రాణిని, పిల్లలను నడుమ నుంచుకొని, తెప్పయై తేలిపోవును. 2017లో హార్వీ తుపాను హ్యూస్టను నగరమును ముంచినపుడు నీటిపై అట్టి తెప్పలు కనుపించినవి.

ఇట్టి సంసారముపై అమెరికా ప్రభుత్వము 1957లో యుద్ధము ప్రకటించెను. తొమ్మిది దక్షిణ రాష్ట్రములలో రెండు కోట్ల ఎకరములను శుద్ధి చేయవలెనని సంకల్పము. డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అను తీవ్రమైన విషములను విమానములనుండి చల్లిరి. చీమలు చచ్చినవి, వానితోడనే కౌజులు చచ్చినవి, పాటపాడు పిట్టలు చచ్చినవి, కోళ్లు, పశువులు, పెంపుడు జంతువులు చచ్చినవి. లూయిసియానా చెరకుతోటలలో మరియొక వింత జరిగెను. చెరకుకు తొలుచు పురుగు పరమ శత్రువు. ఆ పురుగునకు శత్రువులు చీమలును, ఇతర కీటకములును. విషము ఆ కావలివాండ్రను చంపగా పురుగు విజృంభించెను. చీమలపద్దులో నష్టమునే వ్రాసినవారు జమ పక్కను చూడమరచిరి. ఏకపక్షపు లెక్క ఎంత శ్రద్ధగా వ్రాసినను తప్పుడు లెక్కయే.

ఈ అనర్థమును 1962లో రేచెల్ కార్సన్ అను విదుషీమణి తన 'సైలెంట్ స్ప్రింగ్' గ్రంథమున లోకమునకు చాటెను. ఆ యేటనే మైరెక్స్ అను కొత్త మందు వాడుకలోనికి వచ్చెను. దానిని ఎరలో కలిపి మరల కోట్ల ఎకరములపై చల్లిరి. పిదప ఆ విషము చేపలలోను, పక్షులలోను, మనుష్యుల క్రొవ్వులోను నిలిచియుండుట కనుగొనిరి. 1978 నాటికి దానిని నిలిపివేసిరి. ఇరువదేండ్ల యుద్ధమునకు ఫలమేమనగా, చీమ నాడున్న చోటికంటె ఎక్కువ చోట నిలిచెను. ఏలయన, విషము స్వదేశపు చీమలను కూడ చంపెను. క్రొత్త రాణులు దిగివచ్చినపుడు వానిని చంపితిని నిలువరించునవి ఆ స్వదేశపు చీమలే. కావలి లేని ఖాళీ చేనులో ముందుగా పాక వేసికొనునది నిప్పుచీమయే. శత్రుశేషము మిగుల్పరాదని బయలుదేరినవారు మిత్రశేషమును కూడ మిగుల్పకపోయిరి.

అట్లయినచో పెద్దల మాట అబద్ధమా? కాదు. దానికి కాలము కలదు. 2001లో న్యూజిలాండు దేశమున ఆక్లండు విమానాశ్రయమునొద్ద ఒక్క పుట్ట బయటపడెను. తక్షణమే దానిని నాశనము చేసి, చుట్టుపట్ల విడువక వెదకి, ఆ చొరబాటును నిర్మూలించిరి. అదే సంవత్సరమున ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనునందు చీమను గుర్తించునాటికే అది పాతుకొనియుండెను. అచ్చటి పోరాటము ఇరువదేండ్లు దాటియు తెమలలేదు. అగ్నిశేషమును ఆర్పవలసినది అది నిప్పురవ్వగా నున్నప్పుడే. ఊరంటుకొనిన పిదప ఇంటింటికి తడిచాప కప్పుకొనుటయే బుద్ధి.

ఆ తడిచాప యెట్టిదో టెక్సాసు మున్నగు రాష్ట్రముల రైతులును, గృహస్థులును నేర్చుకొనిరి. దానికి రెండు మెట్లు. మొదటిది ఎర. మొక్కజొన్న నూకకు నూనెయు, స్వల్పముగా మందును పట్టించి ఆవరణయంతట పలుచగా చల్లుదురు. కూలిచీమ గట్టి ఆహారమును మ్రింగలేదు. ద్రవమునే నోటినుండి నోటికి అందించును. అట్లు మందు చేతులు మారి రాణికి చేరును. కావున ఆ మందు నెమ్మదిగా పనిచేయవలెను. ఉత్తరము తెచ్చు బంట్రోతు దారిలోనే పడిపోయినచో ఉత్తరము చేరదుగదా! ఎర క్రొత్తదై యుండవలెను. మక్కిన నూనెను చీమ ముట్టదు. నేల పొడిగా నుండి, వాన సూచనలేని దినమున, చీమలు మేతకు తిరుగుచున్న వేళ చల్లవలెను. ఆ వేళను తెలిసికొనుటకు నూనెగల చిరుతిండి తునకను నేలపై నుంచి చూచినచో, అరగంటలోపల చీమలు మూగును. ఫలము వారములకుగాని కనబడదు. రెండవ మెట్టు, కొన్ని దినముల తరువాత వాకిటను, పిల్లలు ఆడుకొనుచోటను ఉన్న పుట్టలకు మాత్రము విడిగా మందు వేయుట.

మందు వలదనువారికి మరిగిన నీరు గలదు. చల్లని ఉదయమున ఎండ పొడ తగిలినపుడు రాణియు, పిల్లలును పుట్ట పైభాగమునకు వచ్చును. అప్పుడు పుట్టను కదల్పక, పది పన్నెండు లీటర్ల మరుగునీరు మెల్లగా పోసినచో పది పుట్టలలో ఆరు చచ్చును. మిగిలినవానికి మరల పోయవలెను. పోయువారు తమ పాదములను కాపాడుకొనవలెను. చెట్ల మొదళ్ల దగ్గర పోయరాదు. పెట్రోలు పోయుట మహాపరాధము. అది మనుష్యులను కాల్చును, నేలను, బావినీటిని చెరచును. రవ్వ తిని చీమ పొట్ట పగిలి చచ్చునను మాట వట్టిది; గట్టి నూకను మ్రింగలేని చీమకు పొట్ట పగులుటెట్లు? 1990 దశకమునుండి ఒక చిన్న ఈగను కూడ దక్షిణ అమెరికానుండి తెచ్చి విడిచిరి. అది చీమ దేహములో గ్రుడ్డు పెట్టును. పురుగు చీమ తలలో పెరిగి తలను రాల్చును. ఈ ఈగ చీమలను తుడిచిపెట్టలేదు. కాని దాని రెక్కల నీడకే చీమలు మేత మాని దాగును. పుట్టింటి శత్రువు లేక విర్రవీగినదానికి అట్లు కొంత వెరపు కలిగెను.

తెలుగునాట ఎర్రచీమలలోను ఈ నిప్పుచీమకు జ్ఞాతి యొకటి కలదు. దాని పేరు సొలెనాప్సిస్ జెమినేటా. అదియు అమెరికాఖండమున పుట్టి, ఓడల వర్తకముతో ఉష్ణదేశములకు ప్రాకినదే. గింజలను మోసికొనిపోవును, మొక్కలపై పేనుబంకను మేపుకొనును, కాళ్లను మంటపెట్టును. పురుగుల గ్రుడ్లను తినుటయు దాని పనియే. పాటించవలసిన మర్యాద ఒక్కటే. తెలుగు ఇల్లాలు తెల్లవారగనే వాకిట వరిపిండి ముగ్గు పెట్టి చీమకు అన్నము పెట్టును. ఆ యిల్లాలే పసిబిడ్డ మంచపు కోళ్లక్రింద నీళ్ల పళ్లెములుంచును, పాలకుండను ఉట్టిపై నెక్కించును. వాకిట ఆతిథ్యము, ఉయ్యాలకు కావలి. చీమతో కాపురమునకు ఇంతకంటె మంచి ఏర్పాటు కనుగొనుట కష్టము. చీమలకని విషపు పొడిని డబ్బాలతో తెచ్చి చూరుక్రిందను, పశువుల కొట్టములోను కుమ్మరించువారు మొదట ఆ డబ్బాపై వ్రాసినదానిని చదువవలెను, చదువరానివారు చదివించుకొనవలెను.

గ్రంథాలయ ప్రయోజనము అచ్చట తెలియును. ప్రభుత్వమునకు విమానములుండెను, ధనముండెను, విషముండెను. కొరవడినది చీమను గూర్చిన తెలివి. ఆ తెలివి ఒక బాలుడు వంగి పుట్టను చూచుటచేతను, ఒక స్త్రీ ఓపికతో లెక్కలు సేకరించి గ్రంథము వ్రాయుటచేతను లోకమునకు కలిగెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లలపై కూర్చుండి చదువుకొన్న బాలురలోను, బాలికలలోను అట్లు నేలవంక వంగి చూచువారు ఒక్కరు లేచినను, ఈ ఊరి పెద్దలు దీనిపై పెట్టిన ఖర్చు వడ్డీతో జమకు వచ్చినట్లే.

స్వస్తి.