పగిలిన చెక్కతో మా బొమ్మలు

సామిల్లులో వంటచెరుకు కింద పోయే వేపముక్కలు తెచ్చి మేం బొమ్మలు చెక్కుతున్న సంగతి మీకు తెలిసిందే. మొదటి విడత బొమ్మలన్నీ పగిలిపోయాయి. పచ్చి చెక్క మీద ఆత్రంగా ఉలి పెట్టాం, తప్పు మాదే. ఆ నెల కిస్తీ మిరపకాయల కోతకెళ్లి తెచ్చిన కూలి డబ్బులతో కట్టాం.

తర్వాత కొండపల్లి వాళ్ల పద్ధతి తెలుసుకున్నాం. అక్కడ వాడే తెల్ల పొణికి మన వేప కన్నా ఎంతో మెత్తన, తేలిక. దాన్ని కూడా సన్న సెగ మీద తేమ పోగొట్టాకే చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. చింతగింజలు మనం పారబోసేవే కదా!

ఇప్పుడు ముక్కల్ని నీడన బాగా ఆరనిస్తున్నాం. సన్న పగుళ్లకు మక్కు పెడుతున్నాం. పెద్ద పగులైతే దాచం, అది కోడి రెక్క సందు అయ్యేట్టు ముందే గీసుకుంటాం. ముడి ఉన్నచోట ఉలి జారుతుంది, అక్కడ ఆకురాయే. చెదపట్టిన ముక్క మాత్రం పొయ్యిలోకే.

రెండో విడతలో కోళ్లు నిలిచాయి. ఎద్దుల కాళ్లు ఇంకా విరుగుతున్నాయి, ఈసారి విడిగా చెక్కి అతికి చూస్తాం. కిస్తీలు ఇంకా ఉన్నాయి. మీ దొడ్లో ఎండిన వేప మొద్దులుంటే కబురు పెట్టండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.