సుంకములు, మద్దతు ధరలు – జీవాల పెంపకందారుల రాబడి
(రొద్దం ప్రాంత పంచాయతీ సభ్యుల సభలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)

సర్పంచులారా, పంచాయతీ సభ్యులారా,

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో వేరుశనగ పంట తప్పిన సంవత్సరమున కుటుంబమును నిలబెట్టునది గొర్రెల మందయే, పాడి పశువే. ఎక్కడో రేవులలో వసూలు చేయు సుంకమునకును, ఢిల్లీలో ప్రకటించు మద్దతు ధరకును మన మందతో నేమి సంబంధమని మీకు తోచవచ్చును. సంబంధము కలదు. అది ఎంతవరకు కలదో, ఎక్కడ ఆగిపోవునో తెలిసికొనుట గ్రామ పెద్దలకు అవసరము.

దిగుమతి సుంకమనగా విదేశీ సరకుపై మన రేవులో విధించు పన్ను. 100 రూపాయల విదేశీ మాంసముపై నూటికి 30 వంతున సుంకమున్నచో, అది 130 రూపాయలకు తక్కువ గాకుండ మన బజారు చేరును. ఆ మేరకు మన పెంపకందారునికి అండ లభించును.

ఆస్ట్రేలియాతో మన దేశము చేసికొనిన వాణిజ్య ఒప్పందము 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చినది. ఆనాటి నుండి ఆ దేశపు గొర్రె మాంసముపై నుండిన నూటికి 30 సుంకమును, ఉన్నిపై నుండిన నూటికి 2.5 సుంకమును తొలగిపోయినవి. పాల ఉత్పత్తులను మాత్రము ఆ ఒప్పందము నుండి మినహాయించిరి.

ఇందువలన రేపే మన సంత పడిపోవునని భయపడ నక్కరలేదు. ఓడలలోను విమానములలోను వచ్చునది చల్లార్చిన మాంసము, గడ్డకట్టించిన మాంసము. దానిని కొనువారు ముఖ్యముగా నగరములలోని పెద్ద హోటళ్ల వారు. మన ప్రజలు కోరునది అప్పటికప్పుడు కోసిన మాంసము. ఉన్ని సంగతియు నిట్టిదే. అచ్చటి ఉన్ని సన్ననిది, మేలు దుస్తులకు పనికివచ్చును. మన ముతక ఉన్ని కంబళికి పనికివచ్చును. అయినను బెంగుళూరు మనకు దగ్గర. అచ్చటి పెద్ద కొనుగోలుదారులు విదేశీ మాంసమునకు అలవాటు పడినచో, ఆ మార్పు క్రమముగా మన సంతకును చేరగలదు.

పాల విషయమున సుంకపు అండ గట్టిగా నున్నది. విదేశీ పాలపొడి చౌకగా వచ్చినచో, దానిని నీటిలో కలిపి పాలు చేయవచ్చును. అప్పుడు డెయిరీలకు పల్లె పాలతో పని తగ్గును. అందుచేతనే మన దేశము 2000 సంవత్సరములో తిరిగి సంప్రదింపులు జరిపి, ఏటా 10,000 టన్నుల వరకు నూటికి 15, అంతకు మించినదానిపై నూటికి 60 వరకు సుంకము విధించు హక్కును సాధించుకొన్నది. 2019 నవంబరులో ఆసియా, పసిఫిక్ దేశముల పెద్ద వాణిజ్య కూటమిలో చేరమని మన ప్రభుత్వము ప్రకటించుటకు పాడి రైతుల ఆందోళనయు ఒక కారణము.

ఇక మద్దతు ధర. కేంద్ర ప్రభుత్వము 22 పంటలకు దీనిని ప్రకటించును. పాలు, మాంసము, ఉన్ని ఆ పట్టికలో లేవు. వేరుశనగ కలదు: 2024-25లో క్వింటాలుకు 6,783 రూపాయలుండగా, 2025-26లో 7,263 రూపాయలైనది. భూమియు మందయు గల రైతునకు ఇది మేలే. భూమి లేక మందనే నమ్ముకొన్న కాపరి సంగతి వేరు. మేతకు వేరుశనగ కట్టెను, దాణాకు చెక్కను అతడు కొనవలసినదే. వాటి వెల పెరిగినచో ఆ భారము అతనిదే.

అయినచో ఉన్నికిని మాంసమునకును మద్దతు ధర ప్రకటించిన చాలునా? ఆస్ట్రేలియా అనుభవము చూడుడు. అచ్చట 1970 తరువాత ఉన్నికి కనీస ధర నిర్ణయించి, అమ్ముడుపోని సరకును ఒక సంస్థ కొనుచుండెను. 1980 దశాబ్దాంతమున ఆ ధరను మిక్కిలి హెచ్చించిరి. పెంపకందారులు గొర్రెలను పెంచిరి. మిల్లులవారు కొనుట తగ్గించిరి. గిడ్డంగులలో దాదాపు 47 లక్షల బేళ్లు పేరుకొనగా, 1991 ఫిబ్రవరిలో ఆ పథకమునే విడిచిపెట్టిరి. ఆ నిల్వ పూర్తిగా అమ్ముడగుటకు 2001 వరకు పట్టినది. మద్దతు ధర గిరాకీని మరచినచో, మేలు కోరినవారికే కీడు చేయునని దీని వలన తెలియుచున్నది.

సభ్యులారా, సుంకమును నిర్ణయించు అధికారము పంచాయతీకి లేదు. కాని రేవులో లభించు అండ కంటె సంతలో కలుగు నష్టమే కాపరికి పెద్దది కావచ్చును. ఒక లెక్క వేయుదము. పొట్టేలును చూపు అంచనాతో అమ్మినప్పుడు రెండు కిలోల తూకము తప్పినదనుకొందము. బ్రతికిన జీవము కిలో 400 రూపాయలనుకొన్నచో నష్టము 800 రూపాయలు. పది జీవాలకు 8,000 రూపాయలు. ఏ సుంకమును ఈ సొమ్మును తిరిగి తెచ్చి ఈయదు. సంతలో ఒక కాటా ఉన్నచో ఈ నష్టము తప్పును.

అంతకంటె పెద్ద నష్టము కరవున కలుగును. మేత, నీరు లేనప్పుడు అందరును ఒక్కసారిగా మందలను సంతకు తోలుదురు. దళారి చెప్పినదే వెల యగును. బీడు భూములను ఆక్రమణల నుండి కాపాడి, నీటి తొట్లు కట్టించి, కట్టెను ముందుగా నిల్వచేయించినచో, కాపరి మరి రెండు నెలలు ఆగి అమ్ముకొనగలడు. ఆగగలిగినవానికే బేరమాడు బలముండును.

పశుపోషణ, మేత, సంతలు రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. కావున సంతలో కాటా పెట్టించుడు. వానలకు ముందే చిటుకు రోగమునకు టీకాలు వేయించుడు. పాల కేంద్రమున వెన్న శాతమును ఎదుటనే చూపి చీటీ ఇచ్చునట్లు చూడుడు. గొర్రెల పెంపకందారుల సహకార సంఘములలో కాపరులను చేర్పించి, కలసి అమ్ముకొనుటకు ప్రోత్సహించుడు. రేవులో దొరకిన అండ కాపరి చేతికి చేరవలెనన్న, ఆ కడపటి మెట్టు మీ గ్రామమునందే కలదు.