లాగిన్ ఎవరికిచ్చినమో రాసుకుందాం
(ధరూర్ మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పంచసూత్రాల్లో అయిదోది పుస్తకాల నిర్వహణ. ఆ లెక్కలు ఇప్పుడు ఫోన్‌లకొచ్చినయి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వారి లోకోస్ యాప్‌లో సభ్యుల వివరాలు, పొదుపులు, అప్పులు ఎక్కిస్తున్నం. బ్యాంకులో పైసలు తీయాలంటే లీడర్ల సంతకాలు కావాలి. మరి యాప్ లాగిన్ ఎవరి దగ్గరుందో ఎక్కడన్నా రాసుకున్నమా?

వీఓఏ మారుతది, ఫోన్ నంబరు మారుతది. పాత నంబరుకే ఓటీపీ పోతే కొత్తామె పని ఆగుతది. పాత లాగిన్ తీసేయకపోతే, రేపు లెక్కలో తేడా వస్తే ఎవరు ఎక్కించిండ్రో తేలదు. ఇద్దరి మీదా అనుమానం పడ్తది. కిస్తీ కట్టిన అక్క పేరు మీద బాకీ కనబడితే నష్టపోయేది ఆమెనే.

అందుకే ప్రతి గ్రామ సంఘం తీర్మాన పుస్తకంలో ఇవి రాసుకుందాం:
1. లాగిన్ ఎవరికి, ఏ ఫోన్ నంబరు మీద ఇచ్చినం
2. ఏ పని కోసం ఇచ్చినం
3. ఇచ్చిన తేదీ, తీసేసిన తేదీ
4. అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకాలు

పాస్‌వర్డ్, పిన్ మాత్రం పుస్తకంలో రాయొద్దు. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. వీఓఏ మారితే అదే రోజు తీర్మానం చేసి, నకలు సీసీకి, ఏపీఎంకు ఇచ్చి, పాత లాగిన్ ఆపించాలి. ఆ పేజీని మీటింగ్‌లో పైకి చదవాలి. చదువు రాని అక్కలకూ తెలియాలి.

ఇది వీఓఏల మీద నమ్మకం లేక చెప్పే మాట కాదు. రాత ఉంటే మొదటి రక్షణ వాళ్లకే. వచ్చే మీటింగ్‌లోనే ఈ పేజీ మొదలుపెట్టండి. సెలవు.