పూలగుత్తి అందించే రోబో

2017 నవంబరు 28న హైదరాబాదులో ప్రపంచ ఔత్సాహిక పారిశ్రామికవేత్తల సదస్సును ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ ప్రారంభించింది బెంగళూరులో తయారైన ‘మిత్ర’ రోబో మీది మీట నొక్కి. అంత హంగు మనకెందుకు? దమ్మపేట లాంటి ఊళ్లో బడి వార్షికోత్సవంలో అతిథికి పూలగుత్తి అందించే చిన్న రోబోను పిల్లలే చేయొచ్చు.

గేర్లున్న రెండు డీసీ మోటార్లు, ముందు అటూఇటూ తిరిగే చిన్న చక్రం, 12 వోల్టుల బ్యాటరీ, ప్రోగ్రాం నడిపే ఆర్డునో బోర్డు, దాని ఆదేశంతో మోటార్లకు కరెంటు పంపే మోటారు డ్రైవరు, ఫోను నుంచి ఆదేశాలు అందుకునే బ్లూటూత్ మాడ్యూల్ కావాలి. మోటార్లకు బిగించిన రెండు చక్రాలూ ఒకే వేగంతో ముందుకు తిరిగితే బండి నేరుగా పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగితే ఉన్నచోటే మళ్లుతుంది. బ్యాటరీ అడుగునే పెట్టండి, లేకుంటే రోబో ముఖ్య అతిథి ముందే బోర్లా పడుతుంది! ఇలాంటి బ్లూటూత్ అందేది సుమారు 10 మీటర్లే. సిగ్నల్ తెగితే మోటార్లు వాటంతటవే ఆగేలా ప్రోగ్రాం రాయాలి. రంగురంగుల లైట్లకన్నా ఇదే ముఖ్యమంటాను. తివాచీ మడతలు చిన్న చక్రాలకు పడవు, ముందురోజే వేదిక మీద నడిపి చూసుకోండి.