అమ్మాయికి తగిన అబాయా



ఈనాటి నా ప్రసంగం ఒక బట్ట గురించి. అబాయా అంటే మీలో చాలామందికి తెలుసు. మామూలు దుస్తుల మీద, మెడ నుంచి చీలమండ దాకా వేసుకునే వదులైన పైవస్త్రం. మా చిన్నతనంలో మన బళ్ళారి వైపు ‘బురఖా’ అన్న మాటే వినేవాళ్ళం. కువైట్‌కూ, సౌదీకీ పనికి వెళ్ళి వచ్చేవాళ్ళు ఎక్కువైన తరువాత ‘అబాయా’ అన్న అరబ్బీ మాట మన బజారుల్లో బాగా వినిపిస్తోంది.

దుకాణానికి వెళ్ళి కొనుక్కునే దానికి ప్రసంగం ఎందుకు అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, మా అమ్మాయి బస్సు మెట్టు మీద నుంచి పడేదాకా.

మేము దూదేకులవాళ్ళం. ఆంధ్రలో నూర్‌బాషా అంటారు, కర్ణాటకలో పింజార, నదాఫ్ అంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజు అరబ్బీలో. బడిలో నేను పాఠం చెప్పేది కన్నడంలోనూ, తెలుగులోనూ. మా తాత విల్లు పట్టి దూది ఏకినవాడు. మా అమ్మ నేత చీర కట్టి, కొంగు తల మీదుగా కప్పుకునేది. నేనూ చీరే కడతాను. అటువంటి ఇంట్లో మా అమ్మాయి కాలేజీలో చేరే ముందు, “అమ్మా, నాకు అబాయా కావాలి” అంది.

నా మనసు కొంచెం నొచ్చుకుంది. “మన ఇంట్లో ఎవరూ వేయలేదు కదా పాపా?” అన్నాను.

“అవ్వ కట్టింది నేత చీర. నువ్వు కట్టేది పాలియెస్టర్ చీర, దానికి నాలుగు పిన్నులు. అవ్వ కట్టినట్టు నువ్వు కట్టావా అమ్మా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. వేసుకోవాలా, వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఇంకో ఇంట్లో అమ్మాయి వద్దు అనవచ్చు, అదీ ఆమె మాటే. వేసుకుంటానన్న తరువాత అది ఆమెకు తగినట్టు ఉందా లేదా చూడటం మాత్రం తల్లిగా నా బాధ్యత. ఆ బాధ్యతను నేను మొదటిసారి సరిగా నెరవేర్చలేదు.

దుకాణంలో రంగులు ఉన్నాయా అని అడిగాం. “నలుపే పోతుంది మేడం” అన్నారు. మళ్ళీ అడిగితే రంగువి తీశారు గానీ, వాటి నిండా రాళ్ళు, చమ్కీలు. రంగు కావాలంటే పెళ్ళి బట్ట చూపిస్తారు, రోజూ వేసుకునేది కావాలంటే నలుపు చూపిస్తారు. నడిమధ్యది లేదు. చివరికి ఒక నల్లది తీసుకున్నాం. దాని మీద 54 అని అంకె ఉంది. పొడుగు కాదా అంటే, “ఫ్రీ సైజు అమ్మా, అందరికీ సరిపోతుంది” అన్నారు. మా అమ్మాయి ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. అందరికీ సరిపోయేది ఈ పిల్లకు సరిపోతుందా అని నాకు ఆ రోజు తట్టలేదు. కింద మడిచి పిన్నులు పెట్టి పంపించాను.

మూడో వారంలో బస్సు దిగుతుంటే ముందు అంచు తన చెప్పు కిందే పడింది. మోకాలు చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. గాయం మానింది గానీ ఆ తరువాత ఆమె నడకే మారిపోయింది. ఒక చేత్తో పుస్తకాలు, ఒక చేత్తో అంచు. బస్సులో కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి లేదు. ఖో ఖో బాగా ఆడే పిల్ల, మైదానం గట్టు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. “చూశావా, ఇదంతా ఈ అబాయా వల్లే” అనబోయాను.

“అబాయా వల్ల కాదమ్మా, కొలత వల్ల” అంది.

మేము మన భాషలో కొలత అంటాం, కన్నడంలో అళతె, ఉర్దూలో నాప్. మూడు భాషలూ తెలిసిన నేను ఆ ఒక్క పనీ చేయలేదు.

సోదరీమణులారా, అబాయా మీద ఉండే 50, 52, 54, 56, 58 అనే అంకెలు అంగుళాలలో పొడుగును చెబుతాయి. అంతే. భుజం వెడల్పూ, ఛాతీ చుట్టుకొలతా ఆ అంకెలో లేవు. కాబట్టి కొనే ముందు టేపు తీసి, భుజం పైన మెడ దగ్గర మొదలుపెట్టి, చీలమండ దాకా కొలవండి. రోజూ తొడుక్కునే చెప్పులు వేసుకునే కొలవాలి. మా అమ్మాయికి అలా కొలిస్తే 47 అంగుళాలు వచ్చింది. మేము కొన్నది 54. ఏడు అంగుళాలు ఎక్కువ. అంటే ఇంచుమించు జానెడు బట్టను ఆ పిల్ల మూడు వారాలు కాళ్ళ కింద ఈడ్చింది.

కింద మడిస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. పొడుగు ఎక్కువైన బట్టకు సాధారణంగా భుజమూ జారుతుంది, చేతులూ పొడుగవుతాయి, చంక కుట్టు కిందికి దిగుతుంది. చంక కుట్టు కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడల్లా బట్టంతా పైకి లేస్తుంది. అందుకే వేసి చూసేటప్పుడు అద్దం ముందు నిలబడి ఊరుకోకండి. బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యి పైకెత్తండి. కింద కూర్చుని లేవండి. రెండు మెట్లు ఎక్కి దిగండి. పెద్ద అడుగు వేయండి. ఈ నాలుగింటిలో ఎక్కడ పట్టినా ఆ బట్ట మీది కాదు.

ఇక బట్ట సంగతి. బజారులో ‘నిదా’ అని అమ్మేది చాలా మట్టుకు పాలియెస్టరే. జాలువారినట్టు అందంగా ఉంటుంది, నలగదు, తొందరగా ఆరుతుంది. కానీ చెమటను పీల్చుకోదు. మామూలు గాలిలో నూరు గ్రాముల నూలు సుమారు 8 గ్రాముల తేమను పట్టి ఉంచుతుంది, పాలియెస్టర్ అర గ్రాము కూడా పట్టి ఉంచదు. ఏప్రిల్, మే నెలల్లో మన బళ్ళారి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా, ఆ ఎండలో ఈ తేడా వీపుకు తెలుస్తుంది. రేయాన్ కూడా చెమట పీలుస్తుంది గానీ, తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది, మెల్లగా ఉతకాలి. నూలు, రేయాన్ కలిసిన బట్ట రోజువారీకి మంచిది.

నలుపు వేడి కదా అని అందరూ అంటారు. ఈ మాటను 1980లో కొందరు శాస్త్రవేత్తలు పరీక్షించి, ఆ ఫలితాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఎడారి ఎండలో ఒక మనిషికి సంచార అరబ్బులు వేసుకునే నల్ల అంగీ ఒకసారి, తెల్ల అంగీ ఒకసారి వేసి చూశారు. నల్లది వేడిని ఎక్కువ పీల్చుకున్న మాట నిజమే. కానీ ఆ ఎక్కువ వేడి ఒంటిని చేరేలోపే గాలికి పోయింది. ఒంటికి తగిలిన వేడి రెండింటిలోనూ ఒకటే. కారణం ఆ అంగీ వదులుగా ఉండి లోపల గాలి ఆడటం. అదే బట్ట చెమటకు ఒంటికి అతుక్కుంటే ఆ లాభం ఉండదు. రంగును తిట్టే ముందు లోపల గాలి ఆడుతోందా లేదా చూడాలన్నమాట.

మరి రంగు ఎందుకు? మా అమ్మాయి వయసు 17. ఆమెకు రంగులు ఇష్టం. ఆ కారణం చాలదా? పైగా, సాయంత్రం మసక వెలుతురులో రోడ్డు దాటే పిల్ల లారీవాడి కంటికి కనబడాలి. అబాయా అంటే నలుపే అని పట్టుబట్టే పెద్దలకు ఒక సంగతి. 2018 మార్చిలో సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ అమెరికా టెలివిజన్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో, గౌరవంగా ఉండే దుస్తులు వేసుకోవాలన్నదే షరియత్ నియమమని, నల్ల అబాయానే అని అందులో లేదని చెప్పారు.

చివరికి మేము కుట్టించాలని నిశ్చయించుకున్నాం. బళ్ళారి జీన్సు ప్యాంట్లకు పేరుపడ్డ ఊరు, ఇక్కడ కుట్టు తెలిసిన చేతులకు కొదవ లేదు. కౌల్ బజార్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. టేపు తీయకముందే ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

“టీచరమ్మా, ఈ పిల్ల రోజంతా ఏం చేస్తుంది?”

బస్సు ఎక్కుతుంది, మూడంతస్తులు ఎక్కుతుంది, ల్యాబులో దీపం ముందు నిలబడుతుంది అని చెప్పాను. “ఖో ఖో కూడా ఆడతాను చాచా” అని మా అమ్మాయి మెల్లగా అంది. ఆయన తల ఊపి కొలతలు రాసుకున్నాడు.

నేరేడు పండు రంగు గుడ్డ మా అమ్మాయే ఏరుకుంది. పన్నా ఎక్కువున్న గుడ్డ కనుక మూడు మీటర్లు సరిపోయింది. కత్తిరించక ముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరవేశాం. కుదించుకుపోయేది ముందే కుదించుకుపోతుంది. తెల్ల గుడ్డ తడిపి రుద్ది, రంగు దిగుతుందేమో చూశాం. పొడుగు చీలమండ దగ్గర ఆపాడు, లోపల రెండంగుళాల మడత వదిలాడు, పిల్ల ఇంకా పెరగవచ్చు కదా. అడుగు పట్టకుండా కింద చుట్టు వెడల్పు, వాళ్ళ మాటలో ఘేర్, కొంచెం పెంచాడు. చంక కింద నలుచదరపు ముక్క ఒకటి అతికాడు, చెయ్యి పైకెత్తినా బట్ట లేవదు. మణికట్టు దగ్గర వదులు చేతులు వద్దని టిచ్ బటన్లు పెట్టాడు. ల్యాబుకైనా వంటింటికైనా ఇది ముఖ్యం. పాలియెస్టర్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పక్కన లోతైన జేబు ఒకటి పెట్టాడు. మొత్తం ఖర్చు దుకాణంలో ఇచ్చినదానికంటే పెద్దగా ఎక్కువ కాలేదు.

స్కూటరు వెనుక కూర్చునే వాళ్ళకు ఒక హెచ్చరిక. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కకుండా, చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. దాన్ని ఊడదీసి బండి నడపకండి. అబాయా అయినా, చీర కొంగు అయినా, దుపట్టా అయినా, కూర్చోగానే అంచులు ఒడిలోకి లాక్కోండి.

ఈ మాటలు ముస్లిం ఇళ్ళకు మాత్రమే కాదు. ఎదుగుతాడులే అని రెండు సైజులు పెద్ద యూనిఫారం కొనే తండ్రికీ, వదిన చీర జాకెట్టును పిన్నులతో సర్దుకునే కొత్త కోడలికీ ఇవే వర్తిస్తాయి. బడిలో ఆటలకు రాని ఆడపిల్లను చూస్తే, సిగ్గు అనుకునేవాళ్ళం మేము టీచర్లం. ఇప్పుడు నేను ముందు ఆమె బట్ట కొలత చూస్తున్నాను.

మొన్న సాయంత్రం బస్టాండు దగ్గర మా అమ్మాయి కోసం నిలబడి ఉన్నాను. బస్సు ఆగింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో స్నేహితురాలి సంచి అందుకుంటూ, కిందికి చూడకుండా దిగింది. నేరేడు రంగు అంచు మీద మైదానం ఎర్రమట్టి ఉంది.

“ఇదేంటి పాపా?” అన్నాను.

“గెలిచాం అమ్మా” అంది.